జర్మనీలో చదువుకి ఊరు, ఆ ఊళ్లో గది: నా అనుభవం

జర్మనీలో మాస్టర్స్ చేస్తానన్నప్పుడు ఇంట్లోవాళ్లూ చుట్టాలూ అందరూ అడిగింది యూనివర్సిటీ ర్యాంకు గురించే. ఫీజెంత, చదువయ్యాక ఉద్యోగం వస్తుందా, అంతే. ఊరి గురించి ఒక్కరూ అడగలేదు. అక్కడ అద్దె ఎంత, గది దొరకడానికి ఎన్నాళ్లు పడుతుంది, గది లేకుండా వెళ్లి దిగితే ఏమవుతుంది అన్నవి ఎవరి బుర్రలోనూ లేవు. నా అదృష్టం కొద్దీ అప్లికేషన్లు పెట్టే రోజుల్లోనే మా కాలేజీ సీనియర్ అక్క ఒకావిడ ఫోన్లో దొరికింది. తను ఉండేది మ్యూనిక్‌లో. "యూనివర్సిటీల లిస్టు తర్వాత చూద్దువు గాని, ముందు ఊళ్ల పేర్లు రాయి. ఒక్కో ఊరి పక్కన హాస్టల్ వెయిటింగ్ ఎన్నాళ్లో రాయి. అప్పుడు మాట్లాడుకుందాం" అంది. అప్పటికి తను అక్కడ ఏడాదిన్నరగా ఉంటూ నాలుగు ఇళ్లు మారిందట.

నేను ఊరు ఎంచుకున్నది ఆ కాగితం చూసే. ర్యాంకుల పట్టిక కూడా తెరిచాను గానీ, అది రెండో పేజీలోకి పోయింది.

అసలు లెక్క బ్లాక్డ్ అకౌంట్ దగ్గర మొదలవుతుంది. వీసా కావాలంటే ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ముందే ఒక ఖాతాలో వేసి చూపించాలి. నేను వీసాకి వెళ్లిన 2024 వేసవిలో అది 11,208 యూరోలు, అంటే మన డబ్బుల్లో పది లక్షల పైమాటే. ఆ సెప్టెంబరు నుంచి దాన్ని 11,904 చేశారు. డబ్బు మనదే అయినా ఒక్కసారిగా తీసుకోనివ్వరు. నెలకి పన్నెండో వంతు చొప్పున వదులుతారు. నాకైతే 934 యూరోలు. నాన్నకి తణుకులో ఎరువుల కొట్టు ఉంది. లెక్కలు ఆయన దగ్గర దాగవు. "ఎనభై నాలుగు వేలు! ఒక్క మనిషికి నెలకి అంత ఎందుకమ్మా?" అన్నారు. కొట్లో బిల్లు పుస్తకం వెనక పేజీలోనే రాసి చూపించాను. ఆరోగ్య బీమా 120 యూరోల పైన. తిండీ, ఫోనూ, చిల్లర ఖర్చులూ ఎంత బిగపట్టినా 250. సెమిస్టర్‌కోసారి యూనివర్సిటీకి కట్టే కాంట్రిబ్యూషన్ మూడు వందలకి అటూ ఇటూ, నెలకి పంచితే 50. ఇవన్నీ పోగా చేతిలో మిగిలేది ఐదు వందల చిల్లర. అద్దె అందులోనే ఇమడాలి. ఆ చలికాలం జర్మనీ అంతటా చేసిన ఒక సర్వేలో, కొందరు కలిసి పంచుకునే ఇంట్లో ఒక గది సగటు అద్దె 489 యూరోలని తేలింది. మ్యూనిక్‌లో 790. ప్రభుత్వం చూపించమన్న డబ్బులో నుంచే అద్దె కడదామంటే మ్యూనిక్ మొదటి నెలే చేతులెత్తేస్తుంది.

పార్ట్‌టైమ్ చేసుకుంటే సరిపోదా అంటారు. చేసుకోవచ్చు. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదంటే 280 సగం రోజులు పని చేయవచ్చు. కానీ పని దొరికేది దిగిన వారం రోజులకి కాదు. జర్మన్ రానివాళ్లకి మరీ ఆలస్యం. అద్దె మాత్రం మొదటి రోజు నుంచే పడుతుంది, దాంతోపాటు డిపాజిట్టు.

నా కాగితం మీద మొదట నాలుగు ఊళ్లున్నాయి: మ్యూనిక్, స్టుట్‌గార్ట్, మాగ్డెబర్గ్, కెమ్నిట్స్. మ్యూనిక్ తనంతట తానే తప్పుకుంది. అక్కడి టెక్నికల్ యూనివర్సిటీ 2024 చలికాలం సెమిస్టర్ నుంచి యూరప్ బయటి విద్యార్థులకి ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు. జర్మనీలో చదువు ఉచితం అన్న మాట పట్టుకుని కూర్చున్నవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్ వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలోనైతే 2017 నుంచే సెమిస్టర్‌కి 1,500 యూరోలు వసూలు చేస్తున్నారు. పెద్ద కార్ల కంపెనీలు అక్కడ ఉన్నాయి, నిజమే. కానీ ఫీజు 1,500, పైన గది దొరకని ఊరు. రెండూ కలిపి మోసే ఓపిక మాకు లేదు. నాన్న తెచ్చిన ఎడ్యుకేషన్ లోన్‌కి హామీ మా ఇల్లే.

మధ్యలో హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ ఎక్కాం. మామయ్య పట్టుబట్టి తీసుకెళ్లాడు. అక్కడాయన మా కాగితం వైపు చూడనైనా చూడలేదు. బెర్లిన్‌లో ఒక ప్రైవేట్ యూనివర్సిటీ బ్రోషర్ తీసి, "రాజధాని అండీ, పాప లైఫ్ సెట్టు" అన్నాడు. ఏడాదికి పది వేల యూరోల పైన ఫీజు. హాస్టల్ సంగతి అడిగితే "అదంతా మా వాళ్లు చూసుకుంటారు" అన్నాడు. ఆ చూసుకునేవాళ్లు ఎవరని కాస్త గుచ్చి అడిగితే తేలింది, ప్రైవేట్ స్టూడెంట్ అపార్ట్‌మెంట్ల కంపెనీ అని. నెలకి 800 దాటుతుంది. ఇలాంటి చోట్ల కన్సల్టెన్సీకి కమిషన్ కాలేజీ నుంచి వస్తుంది, ప్రభుత్వ యూనివర్సిటీ నుంచి రాదు. అందుకే ఆ టేబుల్ మీద కెమ్నిట్స్ బ్రోషర్ ఎప్పటికీ కనబడదు. బయటికొచ్చాక మామయ్య కాసేపు మౌనంగా ఉండి, "ఊరి పేరు పలకడానికైనా వచ్చేది చూసుకోవే" అన్నాడు.

మిగిలినవి మాగ్డెబర్గ్, కెమ్నిట్స్. రెండూ ఒకప్పటి తూర్పు జర్మనీ ఊళ్లే. రెండు చోట్లా మనవాళ్లు బాగానే ఉన్నారు. వాట్సాప్ గ్రూపుల్లో మాగ్డెబర్గ్ పేరు అప్పట్లో మార్మోగిపోయేది, కారణం ఇంటెల్. 2022లో ఆ కంపెనీ అక్కడ చిప్ ఫ్యాక్టరీ కడతామని ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి పెట్టుబడి 30 బిలియన్ యూరోలన్నారు. ప్రభుత్వం దాదాపు పది బిలియన్ల సాయం చేస్తానంది. ఈసీఈ చదివిన ప్రతి ఒక్కరికీ ఆ ఫ్యాక్టరీ గేటు తమ కోసమే కడుతున్నట్టు అనిపించింది. నాకూ ఆశ లేకపోలేదు. కానీ ఇంకా పునాది పడని ఫ్యాక్టరీని నమ్మి ఊరు ఎంచుకోవడానికి మనసొప్పలేదు. కెమ్నిట్స్ నుంచి గంట రైలు ప్రయాణం దూరంలో డ్రెస్డెన్ ఉంది. అక్కడ ఇన్ఫినియన్, గ్లోబల్ ఫౌండ్రీస్, బాష్ చిప్ ఫ్యాక్టరీలు అప్పటికే నడుస్తున్నాయి. తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ భాగస్వాములతో కలిసి 2024 ఆగస్టులో అక్కడే శంకుస్థాపన చేసింది. ఇంటెల్ మాత్రం ఆ సెప్టెంబరులో మాగ్డెబర్గ్ పని వాయిదా వేసి, 2025 జూలైలో పూర్తిగా మానుకుంది. మాగ్డెబర్గ్‌లో చదువుతున్న స్నేహితులకి చదువులో లోటేమీ రాలేదు, అక్కడ అద్దెలు కూడా అందుబాటులోనే ఉన్నాయి. ఆ ఒక్క గేటు కోసమే వెళ్లినవాళ్లకి మాత్రం లెక్క తప్పింది.

కెమ్నిట్స్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ మాస్టర్స్ పూర్తిగా ఇంగ్లీషులోనే చెబుతారు. నేను చేరినప్పుడు ట్యూషన్ ఫీజు లేదు. ఊరి జనాభా రెండున్నర లక్షలు. 1953 నుంచి 1990 దాకా దాని పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. ఊరి మధ్యలో మార్క్స్ తలకాయ విగ్రహం ఏడు మీటర్ల ఎత్తున ఇప్పటికీ ఉంది. రెండు జర్మనీలూ ఒకటయ్యాక పనుల కోసం జనం పశ్చిమానికి వెళ్లిపోయారు, కట్టిన అపార్ట్‌మెంట్లు మిగిలిపోయాయి. అద్దెలు తక్కువగా ఉండటానికి మూలం అదే. జర్మనీ మొత్తం మీద విద్యార్థి సంక్షేమ సంస్థలు నడిపే హాస్టళ్లు పది మంది విద్యార్థుల్లో ఒకరికి కూడా సరిపోవు. మ్యూనిక్‌లో ఆ క్యూలో రెండు మూడు సెమిస్టర్లు నిలబడటం మామూలు. కెమ్నిట్స్‌లో సెమిస్టర్ మొదలయ్యే నాటికే గది దొరికిందని అడిగిన సీనియర్లందరూ చెప్పారు.

అయితే ఇంకో సంగతి ఉంది, దాన్ని దాటేయలేం. ఊరి పేరు గూగుల్‌లో కొడితే ముందు వచ్చేవి 2018 ఆగస్టు నాటి అల్లర్ల ఫొటోలు. విదేశీయులకి వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చిన రోజులవి. నాన్న ఆ ఫొటోలు చూసి రెండు రోజులు మాట్లాడలేదు. నేను ఎక్కడో చదివింది ఆయనకి వినిపించడం కన్నా, అక్కడ ఉంటున్న ఇద్దరు అమ్మాయిల చేత ఫోన్ చేయించడం మేలనిపించింది. వాళ్లు దాచకుండా చెప్పారు. క్యాంపస్ చుట్టుపక్కల ఇబ్బంది లేదని, రాత్రి పొద్దుపోయాక స్టేషన్ దగ్గరా సెంటర్లోనూ తాము ఒంటరిగా తిరగబోమని, ట్రాములో అప్పుడప్పుడూ ఎవరో ఒకరు గొణుగుతారని. నేను బయల్దేరే నెలలోనే, సెప్టెంబరు 1న సాక్సనీ రాష్ట్ర ఎన్నికల్లో వలసలని వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 30 శాతం పైగా ఓట్లు వచ్చాయి. ఇక్కడ ఉన్నన్నాళ్లలో నాకు చేదు మాటలు తగిలాయి, చెయ్యి చేసుకున్నవాళ్లు లేరు. ఇది నా ఒక్కదాని అనుభవమే. దీన్ని చూపించి ఎవరికీ భరోసా ఇవ్వను. ఊరు ఎంచుకునేటప్పుడు అద్దె పక్కన ఈ గడి కూడా ఉండాలంటాను, అంతే.

ఇక గది దొరికిన వైనం. చాలా ఊళ్లలో హాస్టల్ అప్లికేషన్‌కి అడ్మిట్ లెటర్ చేతికి వచ్చేదాకా ఆగక్కర్లేదు. ముందు పేరు నమోదు చేసి, లెటర్ తర్వాత పంపవచ్చు. ఇది చాలామందికి తెలియదు. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీలు అసలైనవేనని తేల్చే కాగితం), వీసా, ఫ్లైట్ టికెట్ అన్నీ అయ్యాక సెప్టెంబరులో హాస్టల్ ఫారం తెరుస్తారు. అప్పటికి క్యూ కొండవీటి చాంతాడంత ఉంటుంది. నేను యూనివర్సిటీకి కాగితాలు పంపిన వారంలోనే ఇదీ నింపాను. ఫారంలో విడి గది కావాలా, ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే ఫ్లాట్ కావాలా, గరిష్ఠంగా ఎంత అద్దె భరిస్తావు అని అడుగుతారు. అన్ని రకాలకీ టిక్ పెడితే త్వరగా వస్తుందని సీనియర్లు చెప్పారు. అలాగే చేశాను. జూలైలో మెయిల్ వచ్చింది. ముగ్గురి ఫ్లాట్‌లో ఒక గది, కరెంటూ హీటరూ ఇంటర్నెట్టూ కలిపి 270 యూరోలు. ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసి గడువులోగా డిపాజిట్ పంపకపోతే గది పక్కవాళ్లకి పోతుంది. బ్యాంకులో విదేశాలకి డబ్బు పంపే ఫారం నింపడానికి నాన్న కొట్టు మూసి వచ్చారు.

ముగ్గురి ఫ్లాట్ అనగానే అమ్మ ప్రశ్న సూటిగా వచ్చింది: "ముగ్గురూ ఆడపిల్లలేనా?" కాదు. ఇక్కడ హాస్టల్ ఫ్లాట్లలో ఆడా మగా కలిసే ఉంటారు. ఎవరి గది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. వంటగదీ బాత్రూమూ ఉమ్మడి. అమ్మాయిలే ఉండే ఫ్లాట్ కావాలని ఫారంలో రాయొచ్చు గానీ, అది కోరికే తప్ప హామీ కాదు. నా ఫ్లాట్‌లో ఒకమ్మాయి ఇక్కడికి దగ్గర్లోని ఎర్ట్స్‌గెబిర్గె కొండల ఊరిది. ఇంకొకరు వియత్నాం మూలాలున్న జర్మన్ కుర్రాడు. తూర్పు జర్మనీ రోజుల్లో కాంట్రాక్టు కూలీలుగా వేలమంది వియత్నాం వాళ్లు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల పిల్లల తరం ఇది. మా ఊళ్లో కొత్తిమీరా పచ్చిమిర్చీ దొరికేది కూడా వాళ్ల ఏషియన్ షాపుల్లోనే. చుట్టాలకి మాత్రం అమ్మ ఇప్పటికీ "ఇద్దరమ్మాయిలతో ఉంటోంది" అనే చెబుతుంది. నేను సరిదిద్దలేదు.

హాస్టల్ దొరకనివాళ్ల సంగతి వేరు. నాతోపాటే వీసా వచ్చిన ఒక అబ్బాయికి వేరే పెద్ద ఊళ్లో సీటొచ్చింది. ఆన్‌లైన్ ప్రకటనలో సెంటర్లో మంచి గది, 350 యూరోలట. యజమాని లండన్‌లో ఉన్నానని, రెండు నెలల అద్దె పంపితే తాళాలు కొరియర్ చేస్తానని రాశాడు. నమ్మకానికి పాస్‌పోర్టు ఫొటో కూడా పెట్టాడు. ఇది అందరికీ వచ్చే ఉత్తరమే, మాటలు కూడా మారవు. ఆ పాస్‌పోర్టు కూడా ఇంతకుముందు మోసపోయిన ఎవరిదో అయి ఉంటుంది. వీడియో కాల్‌లో ఇల్లు చూపించమని అడగగానే అవతలి మనిషి మాయమయ్యాడు. రెండో రకం ప్రకటనలు మోసం కావు గానీ అంతకన్నా తెలివైనవి: గది ఉంది, అన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) మాత్రం ఇవ్వం. మన సీనియర్లు కూడా కొందరు ఇలాగే ఇస్తారు. ఇద్దరుండాల్సిన ఫ్లాట్‌లో ఐదుగురిని సర్దుతారు, యజమానికి తెలియకుండా.

అన్‌మెల్డుంగ్ లేని గది విద్యార్థికి సగం గది. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, అది చట్టం. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. నమోదు అయితేనే ట్యాక్స్ నంబరు ఆ చిరునామాకి పోస్టులో వస్తుంది. ఆ నంబరు ఉంటేనే పార్ట్‌టైమ్ జీతం సరిగ్గా పడుతుంది. చాలా బ్యాంకులు ఖాతా తెరవడానికి అదే కాగితం అడుగుతాయి. బ్యాంకు ఖాతా లేకపోతే బ్లాక్డ్ అకౌంట్‌లోని మన డబ్బు మనకే రాదు. వీసా గడువు తీరకముందే రెసిడెన్స్ పర్మిట్‌కి వెళ్లాల్సిన ఆఫీసు కూడా ఆ చిరునామాని బట్టే ఉంటుంది. అంటే గది దొరకనివాడికి పని, బ్యాంకు, పర్మిట్ అన్నీ వరసగా ఆగిపోతాయి. ఇది తెలిశాకే నేను ర్యాంకుల పట్టిక మూసేసింది.

సెప్టెంబరు చివరి శనివారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, లైప్‌జిగ్‌లో రైలు మారి రాత్రికి కెమ్నిట్స్ చేరాను. కాంట్రాక్టు అక్టోబరు 1 నుంచి. అంతకు ముందు గది ఇవ్వరు. తాళాలు ఇచ్చేది హౌస్‌మైస్టర్, అంటే హాస్టల్ భవనం చూసుకునే మనిషి, ఆయన ఆఫీసు వేళలు వారంలో కొన్ని గంటలే. అందుకని మంగళవారం దాకా ఒక తెలుగు అక్క వాళ్లింట్లో ఉండేలా ముందే మాట్లాడుకున్నాను. ఆదివారం దుకాణాలన్నీ మూసే ఉంటాయి కాబట్టి, సామాన్లో మొదటి రెండు పూటలకి సరిపడా తిండి ఉండటం మంచిది. పులిహోర పొడీ కందిపొడీ ఎవరూ చెప్పకుండానే అమ్మ సర్దింది. గదిలో మంచం, పరుపు, బల్ల, కుర్చీ, బీరువా ఉంటాయి. దుప్పటీ దిండూ ఉండవు. తాళం ఇచ్చేటప్పుడు గదిలో ఏ గీత ఎక్కడుందో రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటారు. అందులో లేని గీతలకి ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లోంచి కోస్తారు. నేను గోడలూ కిటికీలూ కుళాయిలూ అన్నీ ఫొటోలు తీసి అదే రోజు మెయిల్ చేశాను. హౌస్‌మైస్టర్ నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపించాడు.

బయటి ఇళ్లతో పోలిస్తే ఇది సుఖమే. బయట అద్దెకి తీసుకునే ఇళ్లకి చాలా చోట్ల వంటగదే ఉండదు. స్టవ్వూ సింకూ అల్మారాలూ ముందున్నవాళ్లు ఊడదీసుకుని పోతారు, పైకప్పు నుంచి వైర్లు వేలాడుతుంటాయి. డిపాజిట్ చట్టప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె దాకా అడగొచ్చు. కాల్ట్‌మీటె అంటే హీటరూ నీళ్లూ కలపని ఉత్త అద్దె. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనబడేది సాధారణంగా అదే, జేబులోంచి పోయేది అవి కూడా కలిపిన వార్మ్‌మీటె. ఆ డిపాజిట్‌ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా చట్టంలో ఉంది. అడిగితే యజమానులు ఒప్పుకుంటారు, అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

హాస్టల్ జీవితంలో నేను తొందరగా నేర్చుకున్నది తాలింపు ఎలా పెట్టాలో. మూత పెట్టకుండా ఎండుమిర్చి వేయించితే పొగ అలారం మోగి, అంతస్తు అంతస్తంతా చెప్పులేసుకుని మెట్ల మీదికి వస్తుంది. కిటికీ బార్లా తెరిచి, వంటగది తలుపు మూసి, సన్నసెగ మీద పని కానివ్వాలి. చలికాలంలో కూడా రోజుకి రెండుసార్లు కిటికీలు పూర్తిగా తెరవమని కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది. మన వంటల ఆవిరికి గోడలు బూజు పట్టడం ఎక్కువ. ఆ బూజు ఖర్చు మన మీదికే వస్తుంది. రాత్రి పది దాటాక మిక్సీ వేయకూడదు. నమోదైన కొన్నాళ్లకి టీవీ రేడియో రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. నెలకి 18.36 యూరోలు. టీవీ లేదని రాసినా లాభం లేదు, ఇంటికి ఇంత అని లెక్క. కలిసి ఉండే ఫ్లాట్‌లో అందరికీ కలిపి ఒక్కరు కడితే చాలు. మా ఫ్లాట్‌లో అప్పటికే ఆ జర్మన్ అమ్మాయి కడుతోంది. ఆమె నంబరు రాసి పంపి, నా వాటా ఆమెకి ఇచ్చేస్తున్నాను.

ఊరికి లోట్లు లేవా అంటే ఉన్నాయి. వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగాలు తక్కువ. ఉన్నవాటిలో సగం జర్మన్ అడుగుతాయి. పక్కన త్స్విక్కావ్‌లో, మా ఊళ్లో ఫోక్స్‌వాగెన్ ప్లాంట్లున్నాయి గానీ కార్ల రంగం కుంటుతున్న రోజులివి. సాయంత్రం ఎనిమిదికి సెంటర్ నిర్మానుష్యం. 2025లో కెమ్నిట్స్ యూరప్ సాంస్కృతిక రాజధాని కాబట్టి ఆ ఏడాది సందడి కాస్త ఎక్కువగానే ఉంది. మాగ్డెబర్గ్ క్రిస్మస్ మార్కెట్‌లో 2024 డిసెంబరు 20న కారుతో జనాన్ని తొక్కించిన ఘోరం జరిగినప్పుడు, మా ఊరు కాకపోయినా తణుకు నుంచి ఫోన్లు ఆగలేదు.

రెండో అధ్యాయం మ్యూనిక్. మూడో సెమిస్టర్‌కి అక్కడ ఇంటర్న్‌షిప్ వచ్చింది, 2025 అక్టోబరు నుంచి మార్చి దాకా. ఏ ఊరినైతే కాగితం మీద కొట్టేశానో అక్కడే గది వెతకాల్సి వచ్చింది. అది కూడా సెప్టెంబరులో, అక్టోబర్‌ఫెస్ట్ జనమూ కొత్త సెమిస్టర్ జనమూ ఒకేసారి దిగే నెలలో. ప్రకటన పడిన గంటకే వందల మెసేజ్‌లొచ్చాయని ప్రకటన తీసేస్తారు. ఇంగ్లీషులో రాస్తే జవాబే రాదు. నా ఏ2 స్థాయి (మొదటి మెట్ల) జర్మన్‌తో కష్టపడి రాసి, ఆ ఇంటివాళ్లు ప్రకటనలో చెప్పుకున్న ఏదో ఒక సంగతి పట్టుకుని మాట కలిపితే పదింటికి ఒకటి పలికేది. పిలిచాక జరిగేది అచ్చం పెళ్లిచూపులే. వంటగదిలో నలుగురు వరసగా కూర్చుని ఉంటారు, మనకి టీ ఇస్తారు, ఏం వండుతావు, ఎన్నింటికి నిద్రపోతావు, వారాంతం ఏం చేస్తావు అంటారు. మనం వెళ్లాక వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని కబురు చేస్తామంటారు. ఒక ఇంట్లో "కూర వాసన ఎక్కువగా వస్తుందా?" అని మర్యాదగానే అడిగారు. వస్తుందని చెప్పాను. కబురు రాలేదు.

చివరికి మ్యూనిక్‌ని వదిలి ఔగ్స్‌బుర్గ్‌లో వెతికాను. ప్రాంతీయ రైల్లో ముప్పావు గంట. డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే ఈ రైళ్లన్నీ ఎక్కొచ్చు. 2025లో దాని ధర నెలకి 58 యూరోలు, 2026 జనవరి నుంచి 63. ఒక పీహెచ్‌డీ అమ్మాయి ఆరు నెలలు వేరే దేశం వెళ్తూ తన గదిని త్స్విషన్‌మీటె (తాత్కాలిక అద్దె) కింద ఇచ్చింది, 430 యూరోలకి. మ్యూనిక్‌లో చూసిన వాటికన్నా మూడు వందలు తక్కువ. రోజూ రెండు రైళ్ల సమయం పోయింది నిజమే, రైల్లోనే రిపోర్టు రాసుకున్నాను. జర్మనీలో ఒకచోట నమోదై ఉండి ఇంకో ఊళ్లో ఆరు నెలలు మించకుండా ఉంటే అక్కడ మళ్లీ అన్‌మెల్డుంగ్ అక్కర్లేదు. కాబట్టి నా పర్మిట్టూ చిరునామా కెమ్నిట్స్‌లోనే ఉన్నాయి.

కెమ్నిట్స్ గదిని వదులుకోలేదు. హాస్టల్ వాళ్లకి ఇంటర్న్‌షిప్ కాంట్రాక్టు చూపించి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, వరంగల్ నుంచి కొత్తగా వచ్చే అమ్మాయికి అదే అద్దెకి ఇచ్చాను. ఒక్క యూరో కూడా పైన వేయలేదు. వేసేవాళ్లున్నారు, అది ఇక్కడ రహస్యమేం కాదు. "అక్కా, అన్‌మెల్డుంగ్ ఇస్తావా?" అని ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న. ఎవరో బాగానే తర్ఫీదిచ్చారనుకున్నాను. అనుమతి ఉంది కాబట్టి కాగితం ఇవ్వడం తేలికైంది. తను వచ్చిన వారమే తన పేరు మీద హాస్టల్ అప్లికేషన్ పెట్టించాను. మార్చిలో నేను తిరిగొచ్చేలోపు రెండంతస్తుల కింద తనకి సొంత గది వచ్చింది.

ఇప్పుడు థీసిస్‌కి వారానికి మూడు రోజులు డ్రెస్డెన్ రైలెక్కుతున్నాను. అద్దె ఇరవై యూరోలు పెరిగింది. చదువయ్యాక హాస్టల్‌లో ఉండనివ్వరు. డ్రెస్డెన్‌లో ఉద్యోగం దొరికితే బయటి ఇళ్లే చూసుకోవాలి. ఆ ఇళ్ల యజమానులు షూఫా నివేదిక (అప్పులూ బిల్లులూ సరిగ్గా కడుతున్నామా అని చూపే కాగితం), మూడు నెలల జీతం స్లిప్పులు, పాత యజమాని నుంచి బాకీ లేదన్న కాగితం అడుగుతారు. జీతం స్లిప్పులు ఇంటర్న్‌షిప్‌వి ఉన్నాయి. మూడోదాని కోసం హాస్టల్ ఆఫీసుకి నిన్ననే మెయిల్ పెట్టాను.